వెన్నుపాముకు దెబ్బ తగిలాక

మెదడు అడుగు నుంచి నడుము పైభాగం దాకా, వెన్నుపూసల నడిమి సందులో దిగే నరాల తాడే వెన్నుపాము. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. దాని నుంచి 31 జతల నరాలు ఒళ్లంతా పరుచుకుంటాయి. దెబ్బ ఏ ఎత్తున తగిలిందన్నదాన్ని బట్టి ఏ భాగం చచ్చుబడుతుందో తేలుతుంది. మెడలో తగిలితే చేతులూ కాళ్లూ రెండూ పట్టు తప్పుతాయి. మరీ పైన తగిలితే ఊపిరే కష్టమవుతుంది. ఛాతీ భాగంలో తగిలితే చేతులు బాగానే ఉండి, కింది సగం పడిపోతుంది. పూసలు నడుము కిందిదాకా ఉన్నా పాము మాత్రం నడుము మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కింద ఉండేది విడివిడి నరాల కుచ్చు. అక్కడి గాయాలు కొంత మెరుగ్గా మానతాయి. ఎక్కడ తగిలినా దాదాపు అందరిలోనూ మూత్రం, మలం మీద అదుపు ఎంతో కొంత పోతుంది. ఆసుపత్రి వరండాలో కాళ్ల గురించి అడిగేవాళ్లే గానీ దీని గురించి అడిగేవాళ్లు తక్కువ. తర్వాతి జీవితం ఎలా గడుస్తుందో చాలావరకు తేల్చేది మాత్రం ఇదే.

వెన్నుపాము రెండు విడతలుగా దెబ్బతింటుంది. పూస విరిగి, జారి, పామును నొక్కిన క్షణం మొదటిది. ఆ తర్వాత గంటల తరబడి, రోజుల తరబడి సాగేది రెండోది: లోపల రక్తం కారుతుంది, వాపు వస్తుంది, రక్తపోటు పడిపోయి ఆక్సిజన్ అందదు, పక్కన బాగున్న కణాలు కూడా చనిపోతాయి. మొదటిదాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. గత 30 ఏళ్ల పరిశోధనలో పెద్ద భాగం రెండోదాన్ని ఆపడం గురించే.

వెన్నుపాము గాయంతో బతుకుతున్నవారు ప్రపంచం మొత్తం మీద కోటిన్నర మందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో రోడ్డు ప్రమాదాలతో పాటు ఎత్తు నుంచి పడటం కూడా పెద్ద కారణం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల వైపు ఈ రెండింటికీ కొరత లేదు. కొబ్బరి చెట్టు మీద నుంచి జారిన దింపు కార్మికుడు, తాటిచెట్టు మీద మోకు తెగిన గీత కార్మికుడు, పరంజా మీద నుంచి పడ్డ తాపీ మేస్త్రి, తల మీద మేత బస్తాతో చేపల చెరువు గట్టు మీద కాలు జారిన కూలీ, బురద గట్టు మీద ట్రాక్టర్ తిరగబడి కింద పడ్డ డ్రైవర్, 16వ నంబరు జాతీయ రహదారి మీద బైకు మీద వెళ్తున్న కుర్రాడు. ఇంకొకటి వేసవిలోది. కాలువలు కట్టేశాక నీళ్లు మోకాలి లోతుకు దిగిపోయినా, పిల్లలు పాత అలవాటు కొద్దీ వంతెన మీద నుంచి తలకిందులుగా దూకుతారు. తల నేలకు తగిలి మెడ విరుగుతుంది. ఒంటి మీద చిన్న గీత కూడా ఉండదు.

ఎత్తడం, చేర్చడం

చెట్టు కింద పడ్డ మనిషి చుట్టూ జనం మూగగానే జరిగేది ఒకటే. ఒకరు చంకల్లో చేతులు వేస్తారు, ఇద్దరు కాళ్లు పట్టుకుంటారు, నడుము మడతపడి కిందికి వేలాడుతుండగా ఆటోలో అడ్డంగా కుదేస్తారు. అందరిదీ సాయపడాలన్న ఆత్రమే. కానీ అప్పటిదాకా సగమే నలిగిన పాము ఆ మడతలో పూర్తిగా నలగవచ్చు. మెడ నొప్పి, నడుము నొప్పి, కాళ్లు తిమ్మిరి, కదపలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెన్నెముక విరిగిందనే అనుకోవాలి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా మనిషిని కదపకుండా ఉంచడమే సరైన సాయం. ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. ఆ సిబ్బంది దగ్గర మెడకు వేసే పట్టీ, గట్టి బల్ల ఉంటాయి.

కదపక తప్పని పరిస్థితుల్లో, అంటే నీళ్లలోనో, రోడ్డు మధ్యలోనో, దారి లేని లంకలోనో పడినప్పుడు, నలుగురు కావాలి. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలను, మెడను అదిమిపట్టి ఉంచుతారు. మాట చెప్పేది వాళ్లే. మిగతా ముగ్గురు ఒకే పక్కన కూర్చుని భుజం, తుంటి, మోకాలు పట్టుకుంటారు. తల దగ్గరున్నవారు ఒకటి, రెండు, మూడు అనగానే మనిషి మొత్తాన్ని దుంగలా ఒక్కసారే పక్కకు తిప్పాలి. ముక్కు, బొడ్డు ఒకే గీతలో ఉండాలి. వెనక తలుపు చెక్కో, బల్లో జొనిపి మళ్లీ ఒక్కసారే వెల్లకిలా వాల్చాలి. తలకు రెండు పక్కలా మడిచిన తువ్వాళ్లు పెట్టి, నుదురు, ఛాతీ, తొడలు గుడ్డలతో చెక్కకు కట్టేయాలి. దోనెలో తీసుకువెళ్లాల్సి వస్తే చెక్కతో సహా దించాలి. దోనె అడుగు వంపుగా ఉంటుంది కాబట్టి వట్టి మనిషిని పడుకోబెట్టకూడదు. నీళ్లలో దూకి దెబ్బ తగిలించుకున్నవాణ్ని చేతులు పట్టి గట్టుకు లాగకూడదు. మొహం పైకి ఉండేలా తేలనిచ్చి, తలను పట్టుకుని, చెక్క వచ్చేదాకా ఆగాలి. ఊపిరికి అడ్డమైతే తప్ప హెల్మెట్ తీయకూడదు. తాగడానికి నీళ్లు పోయకూడదు.

పోలీసు కేసు భయంతో వెనకాడాల్సిన పని లేదు. రోడ్డు ప్రమాదంలో సాయపడినవారిని వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం 2025లో అమల్లోకి వచ్చింది. చెట్టు మీద నుంచి పడ్డవారికి ఇది వర్తించదు. వాళ్లకు రాష్ట్ర ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవే దిక్కు.

ఇక్కడ కాలం విలువ ఎంతో పరిశోధన గట్టిగానే చెప్పింది. పామును నొక్కుతున్న ఎముకను తొలగించే ఆపరేషన్ ఎప్పుడు చేస్తే మేలన్న ప్రశ్న మీద 1,548 మంది రోగుల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2021లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చింది. 24 గంటల్లోపు ఆపరేషన్ అయినవారికి ఏడాది తర్వాత బలం, స్పర్శ ఎక్కువగా తిరిగొచ్చాయి. ఆలస్యమయ్యే కొద్దీ లాభం తగ్గుతూ వచ్చి 36 గంటల దగ్గర ఆగిపోయింది. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. అల్లూరి సీతారామరాజు పేరిట ఉన్న ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రి అంతకు ముందు నుంచే ఉంది. విజయవాడ 60 కిలోమీటర్ల దూరం. ఈ ప్రాంతంలో 24 గంటలు దాటించేది దూరం కాదు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైను, తర్వాత చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఆ తర్వాత స్కానింగు కోసం ఇంకో చోటు, డబ్బు కూడేదాకా ఓ రాత్రి. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే అలవాటున్న రాష్ట్రం ఇది. వెన్నెముక విషయంలో లాగడం, తోమడం, కట్టుకట్టడం ఏదీ పనికిరాదు. మొదటి ఫోన్‌లోనే వెన్నెముక ఆపరేషన్ చేసే డాక్టరు, ఎంఆర్‌ఐ రెండూ ఒకేచోట ఎక్కడున్నాయో అడిగి నేరుగా అక్కడికే వెళ్లాలి.

ఒకప్పుడు పెద్ద మోతాదులో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అందరికీ ఎక్కించేవారు. 1990లో అమెరికాలో జరిగిన అధ్యయనం దానికి ఆధారం. తర్వాతి లెక్కల్లో లాభం అంతంత మాత్రమేననీ, ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం పెరుగుతున్నాయనీ తేలింది. 2013 నాటికి అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలే దాన్ని వాడొద్దని సూచించాయి. ఖరీదైన ఇంజెక్షన్ వేయలేదని డాక్టరును నిష్ఠూరమాడే బంధువులు ఇది తెలుసుకోవాలి.

ఎంతవరకు తిరిగొస్తుంది

ఇంటివాళ్లందరూ అడిగేది, ఏ డాక్టరూ సూటిగా చెప్పనిది ఈ ఒక్క ప్రశ్నే. దాటవేతలా కనిపించినా దానికి కారణం ఉంది. దెబ్బ తగిలిన కొత్తలో పాము మొద్దుబారి ఉంటుంది. ఆ స్థితి రోజుల్లో, వారాల్లో విడుతుంది. అందుకే మొదటి రోజు కనిపించినదాన్ని బట్టి చివరి మాట చెప్పరు. ప్రపంచమంతా వాడే కొలమానంలో ఎ నుంచి ఇ దాకా ఐదు తరగతులున్నాయి. మలద్వారం దగ్గర స్పర్శ గానీ బిగింపు గానీ ఏమాత్రం లేకపోతే ఎ. స్పర్శ ఉండి కదలిక లేకపోతే బి. కదలిక కొద్దిగా ఉంటే సి, కింది కండరాల్లో కనీసం సగం తమ బరువును తాము ఎత్తగలిగితే డి, అంతా మామూలైతే ఇ. మలద్వారం దగ్గర వేలు పెట్టి చేసే ఆ పరీక్ష ఎబ్బెట్టుగా అనిపించినా భవిష్యత్తు గురించి అంత చెప్పే పరీక్ష మరొకటి లేదు. డిశ్చార్జి కాగితంలో ఏ పూస, ఏ తరగతి అన్నది రాసి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే అడిగి రాయించుకోవాలి.

నడక గురించి 2011లో లాన్సెట్‌లో వచ్చిన యూరప్ అధ్యయనం ఐదే ఐదు విషయాలతో అంచనా కట్టే పద్ధతి చూపింది: వయసు 65 లోపా పైనా, తొడ ముందు కండరం బలం, పిక్క బలం, మోకాలి దగ్గర స్పర్శ, మడమ దగ్గర స్పర్శ. మొదటి 15 రోజుల్లో చేసే ఈ పరీక్షకు మిషన్ ఏదీ అక్కర్లేదు. కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా, తర్వాత ఆరు, తొమ్మిది నెలల దాకా నెమ్మదిగా సాగి, ఏడాదికి దాదాపు నిలకడకు వస్తుంది. ఆ తర్వాత కూడా చిన్న చిన్న మార్పులు రావచ్చు.

మరి ఆ నెలల్లో రోజంతా వ్యాయామం చేయిస్తే ఎక్కువ తిరిగొస్తుందా? ఆస్ట్రేలియా పరిశోధకుల ఆధ్వర్యంలో పలు దేశాల్లో జరిగిన ఒక పరీక్షలో కొందరికి మామూలు ఫిజియోథెరపీకి తోడు వారానికి 12 గంటల చొప్పున 10 వారాలు అదనంగా కండరాల శిక్షణ ఇచ్చారు. 2025లో వెలువడిన ఫలితం చాలామందిని నిరాశపరిచింది: అదనపు శిక్షణ వల్ల బలం చెప్పుకోదగినంతగా పెరగలేదు. ఇల్లు తాకట్టు పెట్టి నెలల తరబడి ఖరీదైన కేంద్రంలో ఉంచాలా అని తల పట్టుకునే కుటుంబానికి ఈ నిరాశ కూడా ఉపయోగపడే సమాచారమే. ఫిజియోథెరపీ మానమని దీని అర్థం కాదు. మంచం నుంచి కుర్చీకి మారడం, తనంతట తాను బట్టలు వేసుకోవడం, కీళ్లు బిగుసుకుపోకుండా చూసుకోవడం నేర్పేది అదే.

ఏం కావాలని రోగులనే అడిగిన అధ్యయనం ఒకటి 2004లో అమెరికాలో జరిగింది. 681 మంది జవాబిచ్చారు. చేతులూ కాళ్లూ రెండూ పోయినవారిలో దాదాపు సగం మంది అన్నిటికన్నా ముందు కోరింది చేతులు. కాళ్లు మాత్రమే పోయినవారిలో ఎక్కువ మంది మొదట పేర్కొన్నది లైంగిక జీవితం. మూత్రం, మలం మీద అదుపు రెండు వర్గాల్లోనూ పైవరుసలోనే ఉంది. నడక ఎవరికీ వద్దని కాదు గానీ, బంధువులు ఊహించినంత పైన లేదు. ఆసుపత్రిలో అడగడానికి సిగ్గుపడే విషయాలకే నిజానికి మందులున్నాయి. మగవారికి సిల్డెనాఫిల్ వంటి మాత్రలు చాలావరకు పనిచేస్తాయి, పిల్లలు కనడానికి వేరే పద్ధతులున్నాయి. ఆడవారిలో కొన్ని నెలలకు బహిష్టు తిరిగి మొదలయ్యాక గర్భం రావడానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు.

ఇంటికి వచ్చాక

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఈ గాయమంటే నెలల్లో చావే. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గట్‌మన్ వార్డు తెరిచి, రోగులను రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి పక్కకు తిప్పించి, మూత్రాశయాన్ని శుభ్రంగా ఉంచి ఆ లెక్క మార్చారు. మన దేశంలో ఆ దారి వేసినవారు వెల్లూరు సీఎంసీ డాక్టరు మేరీ వర్గీస్. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నా ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో అక్కడే పునరావాస కేంద్రం నెలకొల్పారు. తెలుగు జిల్లాల నుంచి ఇప్పటికీ ఎంతోమంది వెళ్లేది అక్కడికే. బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర సావర్‌లోని పక్షవాత పునరావాస కేంద్రం, డిశ్చార్జి అయి పల్లెలకు వెళ్లినవారి వెంట పడి వివరాలు సేకరించింది. కొల్లేరులాంటి నీళ్లూ, పేదరికమూ ఉన్న ఊళ్లవి. ఇంటికి వెళ్లాక రెండేళ్లలోపు పోయినవారి చావుకు పడక పుళ్లు ముఖ్య కారణంగా తేలాయి. ఆసుపత్రిలో లక్షలు పోసి నిలబెట్టుకున్న ప్రాణాన్ని ఇంట్లో పిరుదు మీది పుండు తీసుకుపోతుంది.

స్పర్శ లేని చర్మానికి నొప్పి తెలియదు, కాబట్టి మనిషి తనంతట కదలడు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో కూర్చున్నప్పుడు పావుగంటకో అరగంటకో బరువు తీయాలి. ఎంతసేపు తీయాలన్నది 2003లో ఇంగ్లండులో కొలిచారు: నలిగిన చర్మానికి ఆక్సిజన్ పూర్తిగా తిరిగి అందడానికి సగటున ఒక నిమిషం 51 సెకన్లు పట్టింది. చేతుల మీద ఒళ్లెత్తి అంతసేపు నిలబడటం ఎవరివల్లా కాదు. అందుకే ముందుకు వంగి ఛాతీని తొడల మీద ఆనించడం, లేదా ఒక పక్కకు బాగా ఒరిగి రెండు నిమిషాలు లెక్కపెట్టడం మేలు. భుజాలూ అరగవు.

రోజూ రెండుసార్లు, పొద్దున స్నానానికి ముందు, రాత్రి పడుకునే ముందు, తోక ఎముక, పిరుదుల కింది ఎముకలు, తుంటి పక్కలు, మడమలు చూడాలి. చేతి అద్దం ఉంటే మనిషి తానే చూసుకోవచ్చు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే; ఆ ఎరుపు పోయేదాకా ఆ చోట బరువే పడకూడదు, పెళ్లి పిలుపున్నా సరే. ఎర్రబడ్డ చోట తోమకూడదు. మందుల షాపులో అమ్మే గాలి రింగు మీద కూర్చోబెట్టడం మన దగ్గర మామూలే. అది చుట్టూ ఉన్న చర్మానికి రక్తం అందకుండా నొక్కి హాని చేస్తుంది, వాడకూడదు. కుంగిన దూదిపరుపు, ముడులున్న నులక మంచం కూడా పనికిరావు. నాలుగంగుళాల మంచి ఫోమ్, కుర్చీకి సరైన దిండు పెట్టే ఖర్చు పుండుకు చేయించే ఆపరేషన్‌తో పోలిస్తే ఏపాటిదీ కాదు. ఇక వేడి కాపడం. కాళ్లలో చలనం వస్తుందని ఇటుక కాపడం, వేడినీళ్ల సీసా పెడతారు. బొబ్బలెక్కినా మనిషికి తెలియదు. బైకు మీద వెనక కూర్చోబెట్టినప్పుడు సైలెన్సర్ కాలిస్తే కూడా తెలియదు. చీమలు, ఎలుకలు సరేసరి. రాత్రి పూట పాదాలు దోమతెరలో ఉండాలి.

పుండు తర్వాత పెద్ద గండం మూత్రపిండాలది. మూత్రాశయంలో మూత్రం నిలిచి, ఒత్తిడి పెరిగి, వెనక్కి తన్ని మూత్రపిండాలు పాడవుతాయి. 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్, ఇంట్లో సబ్బుతో కడుక్కున్న చేతులతో రోజుకు కొన్నిసార్లు గొట్టం పెట్టి మూత్రం తీసేసుకోవడం చాలునని, ఆపరేషన్ థియేటరంత శుభ్రత అక్కర్లేదని చూపారు. అప్పటి నుంచి ఇదే మేలైన పద్ధతి. చేతులు బాగున్నవారు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి తామే పెట్టుకోవాలి. ఒక్కో విడత అర లీటరు దాటకూడదు. గొట్టం ఒకసారి వాడి పారేయడం ఉత్తమం. స్తోమత లేక మళ్లీ వాడేవారు వెంటనే సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, శుభ్రమైన మూత డబ్బాలో పెట్టాలి. గొట్టం బాధ తగ్గుతుందని నీళ్లు తాగడం మానేవాళ్లున్నారు, ముఖ్యంగా ప్రయాణాల్లో. దానివల్ల రాళ్లు వస్తాయి. మూత్రం కాస్త మబ్బుగా ఉన్నంత మాత్రాన, పరీక్షలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన యాంటీబయాటిక్ వాడకూడదు. జ్వరం, చలి, కాళ్లలో బిగుతు పెరగడం, కొత్తగా తడిసిపోవడం ఉంటేనే మందు. ఏడాదికోసారి మూత్రపిండాల స్కానింగు, క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి.

మలవిసర్జనకు ఒక వేళ పెట్టుకోవాలి. టిఫిను చేసిన అరగంటకు పేగులు సహజంగా కదులుతాయి. రోజూ అదే వేళకు కూర్చుంటే, అవసరమైతే తొడుగు వేసుకున్న వేలితో సున్నితంగా ప్రేరేపిస్తే, నెలా రెండు నెలల్లో అలవాటు పడుతుంది.

ఛాతీ ఆరో నరం దగ్గర గానీ, అంతకు పైన గానీ గాయమైనవారి ఇంట్లో గోడకు రాసి అంటించాల్సిన ప్రమాదం ఒకటుంది. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, మొహం ఎర్రబడటం, గాయానికి పైభాగంలో చెమటలు, రక్తపోటు ఒక్కసారిగా పెరగడం. కింద ఎక్కడో ఒత్తిడి ఉందని శరీరం మొత్తుకోవడమది. ఇలాంటివారి మామూలు రక్తపోటు 90, 100 దగ్గరే ఉంటుంది కాబట్టి 140 చూసి పర్వాలేదనుకోకూడదు. పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయాలి. మూత్రం గొట్టం మెలిపడిందా, సంచి నిండిందా, మలం గట్టిపడిందా చూడాలి. కారణం తీసేస్తే నిమిషాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగు తీయాల్సిందే, ఆలస్యమైతే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. తెలియని డాక్టరుకు వెన్నుపాము గాయమని మొదటే చెప్పాలి. సిల్డెనాఫిల్ వాడుతుంటే అదీ చెప్పాలి, కొన్ని బీపీ మందులతో అది పడదు.

పై గాయాలున్నవారికి చెమట కూడా సరిగా పట్టదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం రేకుల ఇంట్లో వదిలేస్తే జ్వరం లేకుండానే ఒళ్లు కాలిపోతుంది. మెడ మీద తడి తువ్వాలు, ఒంటి మీద నీళ్లు చిలకరించి ఫ్యాను పెట్టడం, పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండటం, ఇవి మందులతో సమానం.

వ్యాయామానికి 2018లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. ఒంట్లో సత్తువ కోసం వారానికి రెండుసార్లు 20 నిమిషాల పాటు ఆయాసం వచ్చే పని, అన్నే సార్లు బలం పెంచే కసరత్తు మూడు విడతలు. గుండె, షుగరు కోసం వారానికి మూడుసార్లు 30 నిమిషాలు. కుర్చీని సిమెంటు రోడ్డు మీద జోరుగా తోయడం, ఇసుక నింపిన సీసాలు ఎత్తడం చాలు, జిమ్ము అక్కర్లేదు. కుర్చీ తోసేవారి భుజాలు ముందే అరుగుతాయి. 2011లో వచ్చిన అధ్యయనంలో ఇంట్లోనే 12 వారాలు భుజం కసరత్తులు చేసి, కుర్చీ తోసే తీరు మార్చుకున్నవారికి నొప్పి బాగా తగ్గింది. కింది ఎముకలు మొదటి ఏడాది రెండేళ్లలో చాలా గుల్లబారతాయి; మోకాలి దగ్గర చిన్న మెలికకే విరగవచ్చు. మోకాలు ఉబ్బి వేడెక్కితే బెణుకని సరిపెట్టుకోకుండా ఎక్స్‌రే తీయించాలి.

స్పర్శ లేనిచోట మంట, కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి రావడం వింతగా ఉన్నా చాలామందికి ఉంటుంది. మామూలు నొప్పి మాత్రలు దానికి పనిచేయవు. ప్రీగాబలిన్, గాబపెంటిన్ కొంత తగ్గిస్తాయి. బిగుతుకు వాడే బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపేస్తే మూర్ఛలు రావచ్చు. మనసు సంగతికొస్తే, పలు అధ్యయనాలను కలిపి చూసిన 2015 విశ్లేషణలో నూటికి 22 మందిలో కుంగుబాటు కనిపించింది. అంటే చాలామందిలో లేదు. కొడుకు మాట్లాడటం మానేశాడంటే అది గాయంలో భాగమని వదిలేయకూడదు, విడిగా వైద్యం ఉన్న జబ్బది.

కొత్త పరిశోధన ఎక్కడిదాకా వచ్చింది

వాట్సాప్‌లో తిరిగే వీడియోలలో ఎక్కువ భాగం వెన్నుపాముకు కరెంటు ఇవ్వడం గురించినవి. 2011లో అమెరికాలోని లూయీవిల్ పరిశోధకులు నడుము దగ్గర పాము పొర మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, పూర్తిగా చచ్చుబడిన కాళ్లతో ఒక యువకుడు నిలబడగలిగాడని ప్రకటించారు. 2018లో మూడు వేర్వేరు బృందాలు కొందరిని అడుగులు వేయించాయి. 2023లో స్విట్జర్లాండ్ బృందం నెదర్లాండ్స్‌కు చెందిన ఒకరి మెదడులోని సంకేతాలను పట్టి, గాయాన్ని దాటించి నేరుగా కింది పాముకు అందించింది. ఆయన తలచుకుంటే కాలు కదిలింది. ఇవన్నీ నిజమే. వీడియోలో చెప్పనివి: చాలావరకు మిషన్ వేసి ఉన్నప్పుడే నడక, చేతిలో వాకరో ఊతకర్రలో, వెనక నెలల తరబడి శిక్షణ, ఆపరేషన్. ఇలా నడిచినవారి సంఖ్య కూడా తక్కువే.

దీనికన్నా త్వరగా అందుబాటులోకి రాగలిగింది ఆపరేషన్ లేకుండా చర్మం మీద నుంచే కరెంటు ఇచ్చే పద్ధతి. చేతులు పడిపోయి ఏడాది దాటిన 60 మందిపై జరిపిన పరీక్ష ఫలితం 2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. నూటికి 72 మందిలో చేతి బలం, పనితనం రెండూ పెరిగాయి. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ పరికరానికి అనుమతినిచ్చింది. సీసా మూత తీయగలగడం, చెంచా పట్టుకోగలగడం వార్తల్లో నడకంత మెరవవు గానీ, రోగులు ముందు అడిగింది చేతులే.

మూలకణాల విషయంలో జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం నలుగురికి కణాలు ఎక్కించి, ఇద్దరిలో మెరుగుదల కనిపించిందని 2025లో ప్రకటించింది. అమెరికాలోని మేయో క్లినిక్ 10 మందికి వారి కొవ్వు నుంచి తీసిన కణాలే ఇవ్వగా ఏడుగురు ఒక తరగతి అయినా పైకి వచ్చారు. పోల్చి చూడటానికి చికిత్స ఇవ్వని జట్టు లేదు కాబట్టి, తనంతట వచ్చే మార్పు ఎంతో, కణాల వల్ల వచ్చింది ఎంతో వీటితో తేలదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి మూలకణాలు పరీక్షగా మాత్రమే ఇవ్వాలి. పరీక్షలో పాల్గొనేవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు కట్టమన్నారంటే అది పరీక్ష కాదు, వ్యాపారం. నిజమైన పరీక్షకు దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది. ముందు ఆ నంబరు అడగాలి.

కాగితాలు, ఇల్లు, వరద

గాయం నిలకడకు వచ్చాక, వైకల్యాన్ని లెక్కగట్టే సదరం శిబిరానికి వెళ్లి సర్టిఫికెట్ తీసుకోవాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చాలా పథకాలకు అర్హత వస్తుంది. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతోనో ప్రమాదం వల్లనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000. ఈ రెండింటి తేడా సర్టిఫికెట్‌లో రాసే మాటను బట్టి ఉంటుంది కాబట్టి ఆసుపత్రి కాగితాలన్నీ వెంట తీసుకువెళ్లాలి. ఉచితంగా ఇచ్చే కుర్చీ కొలతకు సరిపోకపోతే పుండుకు అదే మొదలు. తుంటి వెడల్పు, తొడ పొడవు కొలిచి ఇచ్చే చోట తీసుకోవడం మంచిది. ఐఐటీ మద్రాసు తయారు చేసిన నియోబోల్ట్ వంటి మోటారు ముక్కను కుర్చీ ముందు తగిలించుకుంటే ఒక ఛార్జింగుతో 25 కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లి కొట్టు నడుపుకునేవారికి అది పనికొస్తుంది.

ర్యాంపుకు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. కొల్లేరు చుట్టుపక్కల ఇళ్ల అరుగులు వరద భయంతో ఎత్తుగా కడతారు. మూడడుగుల అరుగుకు 36 అడుగుల ర్యాంపు కావాలి. వాకిట్లో అంత చోటు లేకపోతే మధ్యలో చదును వదిలి రెండు మలుపులుగా కట్టించవచ్చు. తలుపు 32 అంగుళాల కన్నా ఇరుకైతే కుర్చీ పట్టదు. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడితే తీయడానికి వీలుండాలి.

బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరంతా కొల్లేటికే చేరుతుంది. అది బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి కావడంతో లంక ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉంటాయి. 2024 సెప్టెంబరులోనూ అదే జరిగింది. కదలలేని మనిషి ఇంట్లో ఉన్నారని వానాకాలానికి ముందే గ్రామ సచివాలయంలో పేరు రాయించి, మొదటి దోనెలో తరలించేలా చెప్పి ఉంచాలి. నెలకు సరిపడా గొట్టాలు, చేతి తొడుగులు, బాక్లోఫెన్, నొప్పి మాత్రలు, సదరం సర్టిఫికెట్ నకలు నీరు చొరని డబ్బాలో పెట్టి అటక మీద ఉంచాలి. వరద పునరావాస కేంద్రంలో కటిక నేల మీద పడుకోబెట్టకుండా ఇంట్లోని ఫోమ్ పరుపును ప్లాస్టిక్ పట్టాలో చుట్టి మనిషితో పాటే పంపాలి.